రోల్ జాగ్రత్త.. లేకుంటే నడుమూ పోతుంది, సొమ్మూ పోతుంది

* ఫ్లెక్సీ దుకాణాల్లో నిల్వపై కొరవడిన శ్రద్ధ
* ఒక్క నొక్కుతో అడుగడుగునా మచ్చ
* బరువులెత్తే కుర్రాళ్లకు పొంచి ఉన్న ముప్పు

పుట్టినరోజు శుభాకాంక్షలైనా, పెళ్లి స్వాగతమైనా, పెద్దకర్మ నాటి శ్రద్ధాంజలి అయినా నేడు ఏ ఊరి కూడలిలో చూసినా ఫ్లెక్సీయే దర్శనమిస్తుంది. కుంచె పట్టిన చిత్రకారుల స్థానాన్ని ముద్రణ యంత్రాలు ఆక్రమించాయి. మండల కేంద్రాల్లో సైతం ఫ్లెక్సీ ముద్రణ దుకాణాలు వెలిశాయి. లక్షలు వెచ్చించి యంత్రం కొనుగోలు చేస్తున్న యజమానులు, దానికి మేతగా వేసే రోల్స్‌ను ఎక్కడ, ఎలా ఉంచాలన్న విషయాన్ని మాత్రం అంతగా పట్టించుకోవడం లేదు. మెట్ల కింద, గోడ వారన, రేకుల షెడ్డులో ఒకదానిపై ఒకటి పేర్చి వదిలేస్తున్నారు. ఫలితంగా సరుకు పాడవడమే కాక, వాటిని ఎత్తి దించే పనివారు గాయాల పాలయ్యే ప్రమాదం ఏర్పడుతోంది.

బరువెంతో తెలుసా?

ఫ్లెక్సీ అంటే పాలియెస్టర్ దారాల అల్లికకు ఇరువైపులా పీవీసీ పూత వేసిన పట్టా. దాని మందాన్ని జీఎస్‌ఎంలలో చెబుతారు. చదరపు మీటరు పట్టా ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్యే జీఎస్‌ఎం. ఈ ఒక్క సంఖ్య తెలిస్తే తూకం వేయకుండానే రోల్ బరువును లెక్కగట్టవచ్చు. పది అడుగుల వెడల్పు, 50 మీటర్ల పొడవు గల రోల్ వైశాల్యం దాదాపు 152 చదరపు మీటర్లు. అది 340 జీఎస్‌ఎం రకమైతే బరువు సుమారు 52 కిలోలు. 440 జీఎస్‌ఎం అయితే 67 కిలోలు. 340 రకమే 70 మీటర్ల పొడవుంటే 72 కిలోలు దాటుతుంది. లోపలి అట్ట గొట్టం బరువు దీనికి అదనం. అంటే రోల్ ఒక్కటి బియ్యం బస్తాతో సమానం. బస్తానైతే భుజాన వేసుకోవచ్చు. పది అడుగుల పొడవున్న చుట్టను ఇరుకు గదిలో తిప్పడం అంతకంటే కష్టం.

ఒక్క నొక్కు.. పలు మచ్చలు

పీవీసీ పూత వేడికి మెత్తబడుతుంది. రోల్స్‌ను నేలపై అడ్డంగా పేర్చినప్పుడు పై వరుసల భారమంతా అడుగు రోల్ పొట్టపై పడుతుంది. అయిదు వరుసలు పేరిస్తే అడుగున ఉన్న దానిపై రెండు క్వింటాళ్ల బరువు ఉన్నట్లే. కొద్ది వారాల్లోనే అక్కడ చదునుగా నొక్కు పడుతుంది. నొక్కు పైపొరకే పరిమితమైతే కొంత కత్తిరించి పారేయవచ్చు. కానీ ఒత్తిడి లోపలి పొరలకూ పాకుతుంది. ఆరు అంగుళాల వ్యాసం గల రోల్ చుట్టుకొలత సుమారు 19 అంగుళాలు. కాబట్టి పట్టాను విప్పినప్పుడు బయటి పొరల్లో ప్రతి అడుగున్నరకు ఒకసారి అదే మచ్చ కనిపిస్తుంది. లోపలికి పోయేకొద్దీ ఆ దూరం తగ్గుతూ వస్తుంది. పెళ్లికూతురి ముఖంపైనో, దివంగతుని చిత్రంపైనో అడ్డంగా గీత పడితే ఖాతాదారు ఊరుకోడు. మళ్లీ ముద్రించి ఇవ్వాల్సిందే.

అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ముద్రణ జరిగేటప్పుడు సిరా చిమ్మే హెడ్ పట్టాకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులోనే అటూ ఇటూ పరుగెడుతుంది. ముడత పడిన చోట, అంచు పైకి లేచిన చోట హెడ్ పట్టాకు రాసుకుంటుంది. యంత్రంలో అత్యంత ఖరీదైన భాగాల్లో హెడ్ ఒకటి.

నిలబెట్టాలా.. పడుకోబెట్టాలా?

రోల్ మధ్యనున్న గొట్టంలోకి ఇనుప పైపు దూర్చి, దాని రెండు కొసలను స్టాండుపై నిలపడం అన్నింటికంటే మేలైన పద్ధతి. ఈ పద్ధతిలో పట్టా పొట్ట దేనికీ ఆనదు. పెద్ద రోల్స్‌కు సన్నని కడ్డీ వాడితే మధ్యలో వంగుతుంది. కనీసం ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు ఉండాలి. ర్యాకును గోడకు కొట్టిన మేకులపై వేలాడదీయడం ప్రమాదకరం. పది రోల్స్ ఉంటే అర టన్ను బరువు అవుతుంది. భారాన్ని నేలే మోసేలా కాళ్లతో ర్యాకు చేయించి, ముందుకు ఒరగకుండా గోడకు బోల్టులు బిగించాలి.

అతికించే వినైల్ రోల్స్ సాధారణంగా నాలుగైదు అడుగుల వెడల్పుకు మించవు. వీటిని నిటారుగా నిలబెట్టవచ్చు. అయితే కొస నేరుగా గచ్చుకు తగిలితే అంచు నలుగుతుంది. కంపెనీ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ బిళ్లలను పారేయకుండా రెండు కొసలకూ తగిలించాలి. పక్కకు ఒరిగిపోకుండా గొలుసు కట్టాలి. పది అడుగుల ఫ్లెక్సీ రోల్‌ను గోడకు చేరవేసి నిలబెట్టడం మాత్రం కూడదు. అది జారితే కింద ఉన్నవారి తలకో, కాలికో దెబ్బ తప్పదు.

ఎండకు మెత్తన.. తేమకు ముడత

వినైల్ నిల్వకు 20 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం దరిదాపుల్లో గాలిలో తేమ ఉంటే మంచిది. రెంటచింతల వంటి చోట్ల వేసవిలో రేకుల షెడ్డు కింద వేడి దీనికి రెట్టింపు చేరుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో తేమ బెడద ఎక్కువ. వేడికి వినైల్ జిగురు అంచుల నుంచి కారి దుమ్మును పట్టుకుంటుంది. తేమకు జిగురు వెనుకనున్న కాగితం ఉబ్బి అంచులు అలలు తిరుగుతాయి. వాడగా మిగిలిన రోల్‌ను గట్టిగా చుట్టి, వచ్చిన పాలిథిన్ కవరులోనే తిరిగి పెట్టడం దీనికి విరుగుడు. గోదాము నుంచి తెచ్చిన రోల్‌ను వెంటనే యంత్రానికి ఎక్కించకుండా ఒక రోజు ముందే ముద్రణ గదికి చేర్చాలి. గది వాతావరణానికి సర్దుకున్న పట్టా ముద్రణ మధ్యలో సాగడం, ముడుచుకోవడం తగ్గుతుంది.

గచ్చుపై నేరుగా ఉంచితే చెమ్మతో పాటు చెదలు కూడా వస్తాయి. వాటికి ముందుగా చిక్కేది అట్ట గొట్టమే. ఎలుకలు కొరికితే పొరలు పొరలుగా చిల్లులు పడతాయి. కనీసం ఆరంగుళాల ఎత్తు చెక్కలపై, గోడకు జానెడు ఎడంగా ఉంచితే ఊడ్చుకోవడానికీ వీలవుతుంది.

ఎత్తే చేతులకు రక్షణేదీ?

ఈ దుకాణాల్లో పనిచేసేవారిలో అధికులు చదువు మధ్యలో ఆపిన యువకులే. ఎన్నికలు, వినాయక చవితి, సంక్రాంతి సమయాల్లో రాత్రింబవళ్లు యంత్రం ఆగదు. నిద్రలేమితో ఉన్న ఒక్క కుర్రాడే రోల్‌ను ఈడ్చుకొచ్చి ఎక్కిస్తుంటాడు. ఒక వయోజన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నప్పటికీ చేతులతో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని అమెరికాకు చెందిన వృత్తి భద్రత సంస్థ 1991లో సవరించిన సూత్రం చెబుతోంది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను సైతం గాయం కలిగించేంత బరువును ఎవరిచేతా మోయించరాదని పేర్కొంది. అయితే విద్యుత్తుతో నడిచే చోట పది మంది లేదా అంతకు పైగా పనివారు ఉంటేనే ఆ చట్టం వర్తించింది. ముగ్గురు, నలుగురితో నడిచే ఫ్లెక్సీ దుకాణాలు దాని పరిధికి వెలుపలే ఉండిపోయాయి. ఇక్కడ యజమాని విచక్షణే పనివాడికి రక్ష.

పెద్ద రోల్‌ను ఇద్దరు కలిసి, రెండు కొసలు పట్టుకుని, మోకాళ్లు వంచి ఒకేసారి ఎత్తాలి. నడుము వంచి ఎత్తడం, ఎత్తిన భారంతో నడుము తిప్పడం వెన్నుకు చేటు. బరువైన రోల్స్‌ను యంత్రానికి దగ్గరగా, నడుము ఎత్తులో ఉంచితే ఎత్తాల్సిన అవసరమే తగ్గుతుంది. తేలికైన ముక్క రోల్స్ పై అరలో ఉంచాలి. చక్రాల బండి ఒకటి చేయించుకుంటే ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది.

నిప్పుతో చెలగాటం వద్దు

సాల్వెంట్ సిరా, హెడ్ శుభ్రపరిచే ద్రావకం త్వరగా అంటుకునే స్వభావం గలవి. వాటి డబ్బాలను రోల్స్ పక్కనే ఉంచడం పలుచోట్ల కనిపించే పొరపాటు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వెలువడుతుంది. రోల్స్‌ను విద్యుత్తు బోర్డుకు, సిరా డబ్బాలకు దూరంగా ఉంచాలి. వాకిలికి అడ్డంగా పేర్చితే ఆపద వేళ బయటపడే దారి మూసుకుపోతుంది.

ఇవి పాటిస్తే మేలు

* రోల్ వచ్చిన తేదీ, వెడల్పు, జీఎస్‌ఎం కవరుపై రాయాలి. ముందు వచ్చినది ముందే వాడాలి. వినైల్ జిగురుకు కాలపరిమితి ఉంటుందని గుర్తుంచుకోవాలి.
* ముక్క రోల్‌పై మిగిలిన పొడవు రాస్తే, సగం ముద్రణలో పట్టా అయిపోయే ఇబ్బంది ఉండదు.
* సరుకు దించుకునేటప్పుడే నొక్కులు, తడి ఉన్నాయేమో చూసుకోవాలి. వాహనం పైనుంచి రోల్స్‌ను కిందకు విసరనీయరాదు.
* చీకటి పడ్డాక ఒంటరిగా పెద్ద రోల్ మార్చవద్దని పనివారికి ముందే చెప్పాలి.

ర్యాకుకు, పైపులకు, బండికి అయ్యే ఖర్చు ఒక్కసారిదే. పాడైన పట్టాకు అయ్యే ఖర్చు మాత్రం ప్రతి నెలా ఉంటుంది. ఇక పనివాడి వెన్ను ఒక్కసారి దెబ్బతింటే ఏ ఖర్చుతోనూ మునుపటిలా కాకపోవచ్చు. కొత్త యంత్రం కొనే ముందే రోల్స్‌కు చోటు చూసుకోవడం దుకాణానికీ, అందులో పనిచేసేవారికీ శ్రేయస్కరం.