పెళ్లికూతురి ప్యాకేజీ... మీ ముఖానికి ఎంతవరకు అవసరం?

ముహూర్తం కుదిరింది. ఫంక్షన్ హాలు, వంటవాళ్లు, ఫొటోగ్రాఫర్ అయిపోయారు. ఇక మిగిలింది మేకప్. ఇద్దరు ముగ్గురిని వాకబు చేసేసరికి వాట్సాప్‌లో చీటీలు వచ్చి పడతాయి. సిల్వర్, గోల్డ్, ప్లాటినం! 'ముఖానికి రంగేయడానికి ఇంత డబ్బా?' అని అమ్మ. 'పెళ్లి ఒక్కసారే కదక్కా, పిల్ల ముచ్చట కాదనకు' అని పిన్ని. ఈ వాదన తెగదు. ఎందుకంటే ఇద్దరూ చూస్తున్నది చివర ఉన్న అంకెనే. మీరు మాత్రం ఆ అంకెకు పైనున్న వరసలు చదవండి. అందులో రెండు వేర్వేరు పనులు కలిపి కట్టేశారని తెలుస్తుంది. ఒకటి పెళ్లిరోజు చేసే అలంకరణ. రెండోది 'ప్రీ బ్రైడల్' పేరుతో అంతకుముందు వారాల్లో చేసే ఫేషియళ్లు, బ్లీచ్, బాడీ పాలిష్, హెయిర్ స్మూతనింగ్. మొదటిదానికి డబ్బు పెట్టడంలో అర్థముంది. చిక్కంతా రెండోదానితోనే.

మన పెళ్లిలో మేకప్ పడే పాట్లు తెలియనివి కావు. తెల్లవారుజామున ముహూర్తమైతే అర్ధరాత్రే కుర్చీలో కూర్చోవాలి. నుదుటిన బాసికం, పక్కన హోమం పొగ, ఎదురుగా వీడియో లైట్లు, నడినెత్తిన జీలకర్ర-బెల్లం. ఆ తర్వాత తలంబ్రాలు. ఏడెనిమిది గంటలు చెమటలో కరగకుండా, కళ్లలోకి కారకుండా నిలవాలంటే చేయి తిరిగినవాళ్లే కావాలి. అయితే 'హెచ్‌డీ', 'ఎయిర్‌బ్రష్' అన్న మాటలకే అదనంగా ఇవ్వకండి. ఎయిర్‌బ్రష్ అంటే రంగును చిన్న యంత్రంతో చిమ్మడం, అంతే. అదే చర్మానికి మేలని ఏమీ లేదు. పొడిబారిన ముఖంపై పొలుసులు ఇంకా బయటపడొచ్చు కూడా. దానికన్నా చూడాల్సింది శుభ్రత. బ్రష్‌లు కడిగినవేనా? లిప్‌స్టిక్‌ను నేరుగా పెదాలకు రుద్దుతున్నారా, చిన్న గరిటెతో తీసి వేస్తున్నారా? మస్కారా పుల్ల ఒక్కొక్కరికి కొత్తది వాడుతున్నారా? ఒకరి కళ్లకలక, ఒకరి పెదవి మీది పొక్కులు మరొకరికి అంటుకునే దారులివే. ఇవి అడిగితే నొచ్చుకునేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వకపోవడమే మంచిది.

చివరి వారం హడావుడి

ఇక ప్రీ బ్రైడల్ సంగతి. చర్మం పైపొర పూర్తిగా మారడానికి దాదాపు నెల పడుతుంది. నాలుగు రోజుల ముందు చేసే ఫేషియల్ దాన్ని మార్చలేదు. మర్దన వల్ల రక్తప్రసరణ పెరిగి ఒకటి రెండు రోజులు నిగారింపు కనిపిస్తుంది, నిజమే. కానీ మొటిమలున్న ముఖంపై ఆవిరి పట్టి, గట్టిగా రుద్ది, నొక్కితే అవి రేగుతాయి. బ్లీచ్‌లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా నూగు రంగును తగ్గిస్తాయి తప్ప మీ చర్మాన్ని తెల్లగా చేయవు. వ్యాక్సింగ్ చేసిన చోటే వెంటనే బ్లీచ్ పూస్తే మంట, ఎర్రదనం ఖాయమనుకోండి. పీల్ చేయించుకున్న మర్నాడే పట్టుచీరల కోసం ఎండలో తిరిగితే నల్లమచ్చలు పడొచ్చు. మన చామనఛాయ చర్మం దెబ్బతిన్నచోట త్వరగా నల్లబడుతుంది, ఆ మచ్చలు పోవడానికి నెలలు పడుతుంది. పెళ్లిరోజున వాటిని కప్పేందుకు ఇంకో పొర ఫౌండేషన్!

చీటీలో 'ఉచితం' అని రాసిన వాటితోనే ఎక్కువ జాగ్రత్త. కోన్ సంగతే చూడండి. అసలైన గోరింటాకు ముందు నారింజ రంగులో పండి, ఒకట్రెండు రోజుల్లో ముదురు ఎరుపవుతుంది. అరగంటలో నల్లగా పండిందంటే అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉన్నట్టు అనుమానించాలి. అది పడనివారికి చేతులపై ఆ డిజైన్ మేరకే బొబ్బలు లేస్తాయి. ఒకసారి పడలేదంటే ఆ తర్వాత ఏళ్లకు జుట్టుకు రంగు వేసినా తల, ముఖం వాచిపోవచ్చు. స్మూతనింగ్ మందుల్లో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుతాయి. గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న రకాలతో మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలూ వైద్య పత్రికల్లో వచ్చాయి. పూలజడ కింద కనిపించని జుట్టు కోసం ఇదంతా అవసరమా?

పది రోజుల్లో రంగు తేలుస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి. పేరు, తయారీదారు వివరాలు లేని తెల్ల క్రీముల్లో స్టిరాయిడ్, పాదరసం ఉండే ప్రమాదముంది. స్టిరాయిడ్ మొదట ముఖాన్ని మెరిపిస్తుంది, మానేయగానే ఎర్రబడి మొటిమలు తన్నుకొస్తాయి. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. తెల్లబడటానికంటూ చేసే ఇంజెక్షన్లు వేటికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు. బ్యూటీపార్లర్ కుర్చీలో సూది వేయించుకోవడమన్న మాటే తప్పు.

ట్రయల్ ఎప్పుడు?

చాలామంది ట్రయల్‌ను ఫొటో కోసం అనుకుంటారు. చర్మానికి అది పరీక్ష. అలర్జీ వెంటనే బయటపడకపోవచ్చు. చాలాసార్లు రెండు మూడు రోజులకు దురదగా మొదలవుతుంది. ముందురోజు ట్రయల్ వేస్తే ఆ దురద అప్పగింతల వేళకు వస్తుంది! కాబట్టి మూడు వారాల ముందే, పెళ్లికి వాడబోయే సరుకుతోనే వేయించుకోండి. దానికి విడిగా డబ్బడిగినా ఇవ్వండి. మొత్తం చీటీలో చర్మం కోసం తప్పక పెట్టాల్సిన ఖర్చు ఇదే. వేసుకున్నాక వెంటనే కడగకుండా నాలుగైదు గంటలు ఉంచి, ఇంట్లో పనులు చేసుకుంటూ చెమట పట్టనివ్వండి. తర్వాత మూడు రోజులు ముఖాన్ని గమనించండి. కనురెప్పల జిగురును మాత్రం నేరుగా కళ్లపై ప్రయత్నించకుండా ముందు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు చూడాలి.

మిగతా వరసలకు విడివిడిగా ధర అడగండి. విడదీసి ఇవ్వమంటే అది బేరం కాదు, అంటగట్టడం. త్రెడింగ్, మీకు అలవాటున్న చోటే వ్యాక్సింగ్, నాలుగైదు రోజుల ముందు ఉంచుకోండి. మిగతావి కొట్టేయగా మిగిలిన సొమ్ములో కొంత చర్మవైద్యుల దగ్గర ఖర్చుపెట్టడం మేలు. అదీ కనీసం మూడు నెలల ముందు. మొటిమలు, మంగు, చుండ్రు రెండు వారాల్లో లొంగేవి కావు. వెళ్లినప్పుడు పెళ్లి తేదీ తప్పకుండా చెప్పండి. మొండి మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు రాస్తే వాడుతున్నన్నాళ్లూ వ్యాక్సింగ్ చేయించుకోకూడదు, చర్మం ఊడివస్తుంది. మానేశాక ఎన్నాళ్లు ఆగాలో డాక్టరునే అడగాలి. అంతకన్నా ముఖ్యం, ఆ మాత్రలు వాడేటప్పుడూ, ఆపాక కనీసం నెల వరకూ గర్భం రాకూడదు. బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చు. కొత్త పెళ్లికూతురికి ఈ మాట చెప్పాల్సిన అవసరం ఎంతుందో వేరే చెప్పాలా!

ఏ ప్యాకేజీలోనూ ఉండని పని ఒకటుంది. అంతా ముగిసి, అలసిపోయి పడుకునే ముందు ఆ రంగులన్నీ తీయడం. అప్పటికి ఆర్టిస్టు ఇంటికెళ్లిపోయి ఉంటారు. అందుకే దూది, క్లెన్సర్, మాయిశ్చరైజర్ మీ సంచిలో ముందే సర్దుకోండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారైతే మేకప్‌కు ముందు పెట్టుకుని, తీసేటప్పుడు చేతులు కడుక్కుని మొదట లెన్సులే తీయాలి. కనురెప్పలను లాగకుండా, తడిపిన దూదిని వాటిపై అరనిమిషం ఉంచితే జిగురు మెత్తబడి దానంతటదే వదులుతుంది.