జ్ఞాపకముల పెట్టె: ఫోటోలకు హార్డ్ డిస్కు నెన్నుకొనుట

పూర్వము మన యిండ్లలో ఫోటోలకు ఇనుప ట్రంకు పెట్టె అడుగున చోటుండెడిది. తాతగారి పెండ్లి ఫోటో, పట్టా పుచ్చుకొన్ననాడు ఉస్మానియా ఆర్ట్సు కళాశాల మెట్లపై తీయించుకొన్న ఫోటో, పిల్లల అన్నప్రాశన ఫోటో పట్టుచీరల మడతలలో దాగి యుండెడివి. ఏండ్లు గడచినకొలది అవి పసుపు వన్నెకు తిరిగెడివి. అంచులను చెదలు తినెడివి. అయినను ముఖము మిగిలెడిది. కాగితము నెమ్మదిగా చెడును. చెడుచున్న సంగతి కంటికి కనబడుచునే యుండును. నేడు ఫోటోలు ఫోనులో పుట్టి హార్డ్ డిస్కులో కాపురముండుచున్నవి. ఈ డిస్కు చెడునపుడు ముందుగా చెప్పునన్న నమ్మకము లేదు. చెడినచో ఒక ఫోటో కాదు, అన్నియు ఒక్కసారిగా పోవును.

బౌద్ధనగరులోని మా యింట ఈ సంగతి అనుభవమునకు వచ్చినది. మా అమ్మగారి కడపటి సంవత్సరముల ఫోటోలన్నియు ఒకే డిస్కునందుంచితిమి. ఫోనులో చోటు చాలదని అక్కడివి తుడిచివేసితిమి. ఒకనాడు తీగ కాలికి తగిలి డిస్కు బల్లమీదనుండి నేలపై బడినది. ఎత్తు రెండున్నర అడుగులు మాత్రమే. మరల తగిలింపగా గడియారమువలె టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఊరకుండెను. తరువాత బంధువుల ఫోనులనుండి కొన్ని ఫోటోలు చేతికి వచ్చినవి. అవి చిన్నవి, మసకవి. అయినను అవి దొరికినది, మా డిస్కు గొప్పతనమువలన గాదు. పరుల యిండ్లలో నకళ్లు ఉండుటవలన.

హార్డ్ డిస్కు ఎట్లు పనిచేయునో తెలిసికొన్నచో దాని బలహీనతయు తెలియును. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ వారు విడుదల చేసిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళముల వెడల్పుగల పలకలు 50 ఉండెను. అంత యంత్రములో పట్టినది సుమారు 50 లక్షల అక్షరములు. నేటి ఫోటో యొక్కటే అంత చోటు పట్టును. యంత్రము అరచేతిలోనికి వచ్చినను సూత్రము అదియే. అయస్కాంతపు పూత గల పలక నిమిషమునకు సాధారణముగా 5,400 సార్లు తిరుగుచుండును. దానిపై చదువు మొన, వెండ్రుక మందములో పదివేలవ వంతుకన్న తక్కువ ఎడముతో, తాకక తేలుచుండును. తిరుగుచున్న సమయమున దెబ్బ తగిలినచో మొన పలకను గీయును. ఆ గీతతోపాటు అచటి ఫోటోయు పోవును.

తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. యను మరియొక రకము కలదు. అందు ఫోటోలు సూక్ష్మమైన విద్యుత్తు రూపమున చిప్పులలో నిలుచును. ఇది క్రిందపడినను అంతగా బాధ లేదు, వేగమును హెచ్చు. కాని ఖరీదు అధికము. అదిగాక కరెంటు తగులనీయక ఏండ్లతరబడి బీరువాలో నుంచినచో ఆ విద్యుత్తు మెల్లగా కారిపోవచ్చును. కావున వెంట త్రిప్పుకొనుటకు ఎస్.ఎస్.డి.యు, ఇంట దాచుటకు హార్డ్ డిస్కును తగియున్నవని చెప్పవచ్చును.

ఎంత పెద్దది కావలెను? ఫోను ఫోటో ఒకటి 5 మెగాబైట్లనుకొన్నచో ఒక టెరాబైటు డిస్కులో రెండు లక్షల ఫోటోలు పట్టును. వీడియోలు తీయువారికి రెండు టెరాబైట్లు మేలు. ఒక టెరాబైటు డిస్కును కంప్యూటరు 931 అని చూపినచో మోసపోతిమని అనుకొనవలదు. అది లెక్కించు పద్ధతిలోని భేదమే. మోసము వేరొక చోట నున్నది. వేయి రూపాయలకు పదునారు టెరాబైట్లని అమ్మునవి డిస్కులు కావు. లోపల చిన్న కార్డు నుంచి పెద్ద అంకెను చూపించు బొమ్మలు. అవి నిండినట్లు నటించి పాత ఫోటోలను చెరిపివేయును.

నేడు లోకములో హార్డ్ డిస్కులను తయారుచేయువారు ముఖ్యముగా సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా యను మువ్వురే. వీరిలో నెవరిది మేలని వాదించుటకన్న కొనునపుడు జాగ్రత్తపడుట మేలు. సికిందరాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నను, ఇంటికి తెప్పించుకొన్నను, సీలు విప్పని పెట్టెను, బిల్లును తీసికొనవలెను. పెట్టెమీది వరుస సంఖ్యను తయారీదారుల వెబ్‌సైటులో సరిచూచి వారంటీ యెంతకాలమో తెలిసికొనవలెను. ఒక్క సంగతి మరువరాదు: వారంటీ క్రింద వచ్చునది క్రొత్త డిస్కు, ఫోటోలు రావు. ఇంటికి తెచ్చినపిదప దానిని ఒకసారి పూర్తిగా నింపి, తిరిగి చదివించి చూచినచో తప్పుడుదైనను, లోపముగలదైనను అప్పుడే బయటపడును.

ఇంత జాగ్రత్తతో కొన్నను, చెడని డిస్కు లేదు. గూగుల్ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసములో, పలకపై మొదటి దోషము కనబడిన డిస్కు తరువాతి 60 దినములలో చెడు అవకాశము దోషము లేనివానికన్న 39 రెట్లని తేలినది. అనేక డిస్కులు ఎట్టి సూచనయు లేకయే చెడినవనియు అందున్నది. కనుక ఒక్క ఫోటో తెరచుకొనకున్నను, చప్పుడు మారినను, ఆనాడే వేరొకచోటికి నకలు తీయవలెను.

కావున అడుగవలసిన ప్రశ్న “ఏ డిస్కు?” అని కాదు, “ఎన్ని డిస్కులు?” అని. ఉదాహరణమునకు ఏడాదిలో నూటికి రెండు చెడుననుకొందము. వేరువేరుగా నున్న రెండును ఒకే యేడు చెడు అవకాశము పదివేలకు నాలుగు మాత్రమే. ఒక ఖరీదైన డిస్కుకన్న రెండు సామాన్యమైనవి మేలు. కాని రెండును ఒకే బీరువాలో నున్నచో ఈ లెక్క చెల్లదు; దొంగకును నీటికిని రెండును ఒకటే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగిన సంగతి మన నగరము మరువలేదు. 2020 అక్టోబరు వానలకు ఎన్నియో కాలనీలలో ఇండ్లు నీట మునిగినవి. అందుచేత ఒక డిస్కు మన యింటను, రెండవది వేరొక పేటలోని అక్కగారింటనో తమ్మునింటనో ఉంచుట వివేకము. మూడవ నకలు, సాధ్యమైనచో, ఇంటర్నెట్టు నిలువలో నుంచవచ్చును.

ఇక పోషణము. బల్ల అంచున పెట్టరాదు. తిరుగుచుండగా కదపరాదు. కంప్యూటరులో సెలవు చెప్పి పిదపనే తీగ లాగవలెను. కొన్ని డిస్కులకు పనిచేయునపుడు పరిసరముల వేడి 35 డిగ్రీలు మించరాదని తయారీదారులే వ్రాయుదురు. మన వేసవిలో మేడమీది గది వేడి అంతకు మించును. కనుక మే నెలలో తెల్లవారుజామున నకళ్లు తీయుట మంచిది. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి రెండు డిస్కులను తగిలించి, అక్కడక్కడ ఫోటోలు తెరచి చూచి, క్రొత్తవి చేర్చవలెను. నాలుగైదేండ్లకు ఒక క్రొత్త డిస్కునకు అన్నిటిని మార్చవలెను. టిక్కుమన్న డిస్కును మాటిమాటికి తగిలించి చూడరాదు. ఆపివేసి, తెలిసినవారికి చూపవలెను.

సికిందరాబాదులో స్టూడియో నడపిన రాజా దీన్‌దయాళ్ 1905లో గతించిరి. వారి గాజు పలకలు వేలకొలది నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో నున్నవి. గాజు గట్టిది కాదు. అంత సులువుగా పగులునది వేరొకటి లేదు. అవి నిలిచినది, కాపాడువారుండుటచేత. మన డిస్కు విషయమును అంతియే. ఈ ఆదివారము ఇంటిలోనున్న డిస్కును బయటికి తీసి ఒకసారి తెరచి చూడుడు. అందున్నవారి ముఖములు వేరెచ్చటనైనను ఉన్నవా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. లేవన్నచో రెండవ నకలు తీయుటకు ఆ దినమే తగిన దినము.