కొమ్ము విరిగిన ఇర్రి: పంచాయతీ కర్తవ్యము

నందికొట్కూరు ప్రాంతమున సెనగ పైరు మొలకెత్తి జానెడు ఎదిగిన దినములలో రైతునకు రెండు చింతలు కలవు. ఒకటి వాన, రెండవది జింక. మిడుతూరు మండలములోని రోళ్లపాడు చుట్టుప్రక్కల గ్రామములలో కృష్ణజింకల మందలు పట్టపగలే చేలలోనికి దిగి, లేత చిగుళ్లను మేసి, మేసినంత త్రొక్కి పోవుట అందరును ఎరిగిన విషయమే.

అట్టి మందకు ఎడముగా, ఒంటరిగా తిరుగు ముదురు ఇర్రి యొకటి ఒక గ్రామపు పొలిమేరలో కనబడినదనుకొందము. ఒంటి పైభాగము నల్లబడినది. ఒక కొమ్ము మెలికలు తిరిగి నిలువుగా నున్నది. రెండవ కొమ్ము నడిమికి విరిగి మోడైనది. దానిని చూచి వచ్చిన నాడే రచ్చకట్ట వద్ద మాటలు పుట్టును. "అది గాయపడినది, ఎట్లును బ్రతుకదు" అని ఒకరు, "దాని పిల్లలకును ఆ అవిటితనమే వచ్చును, మందకే చేటు" అని మరియొకరు, "మన పైరు తిన్న దానిని మనము కొట్టిన తప్పేమి?" అని ఇంకొకరు అందురు. చివరకు ఆ మాట పంచాయతీ ముందునకు వచ్చును. అప్పుడు సభ్యులు ఏమి చెప్పవలెను? పై మూడు మాటలను ఒక్కొక్కటిగా విచారించి, పంచాయతీ చేయదగిన పనిని నిర్ణయించుకొందము.

కొమ్ము విరిగిన జంతువు బ్రతుకదా?

కృష్ణజింకలలో మగదానిని ఇర్రి యనియు, ఆడుదానిని లేడి యనియు మన పెద్దలు వ్యవహరించిరి. సాధారణముగా ఇర్రికే కొమ్ములుండును. మొదటి ఏట అవి నిటారుగా మొలచి, ఆ పైన ఏండ్లు గడచిన కొలది మెలికలు తిరుగును. పెరిగిన ఇర్రి కొమ్ము ఒకటిన్నర అడుగు మొదలు రెండడుగుల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. మూడవ ఏడు వచ్చునప్పటికి గోధుమరంగు వెండ్రుకలు నల్లబడ నారంభించును. కావున నల్లని వన్నెయు, మెలికల కొమ్ములును వయసు వచ్చిన ఇర్రికి గుర్తులు.

ఈ కొమ్మునకును, నల్లమలలో తిరుగు చుక్కల దుప్పి కొమ్మునకును గొప్ప భేదము కలదు. దుప్పి కొమ్ము కొమ్మలుగా చీలును. అది వట్టి ఎముక. ఏటేట రాలిపోయి, మెత్తని నూగుతో కూడిన చర్మము క్రింద మరల క్రొత్తది పెరుగును. ఈ ఏడు దుప్పి కొమ్ము విరిగినను, వచ్చు ఏటికి నిండు కొమ్ము రావచ్చును. ఇర్రి కొమ్ము అట్లు కాదు. అది ఎద్దు కొమ్మును, మేక కొమ్మును పోలినది. లోపల పుర్రె నుండి వచ్చిన ఎముక, దానిపైన గోటి వంటి గట్టి తొడుగు ఉండును. ఇది జీవితకాలములో రాలదు. మొదటి నుండి మెల్లగా పెరుగునే కాని విరిగిన కొన మరల మొలవదు.

అయినను విరిగిన కొమ్ము చావునకు గుర్తు కాదు. కొన మాత్రము విరిగినచో జంతువునకు కలుగు బాధ స్వల్పము. లోని ఎముక వరకు విరిగినచో రక్తము కారును, నొప్పి యుండును, కాని పలుమారు ఆ గాయము ఎండి మానును. దున్నునప్పుడో, పోట్లాటలోనో కొమ్ము విరిగిన ఎద్దు మరల కాడి మోయుట మన రైతులు చూడనిది కాదు. భయపడవలసినది కొమ్ము మొదట పుర్రె పగిలినప్పుడు, చీము పట్టి పురుగు పడినప్పుడు. అట్టి స్థితిలో జంతువు తల వ్రేలవేయును, మేత మానును, మనిషి దగ్గరకు వచ్చినను లేచి పరుగెత్తదు. కావున చూడవలసినది కొమ్మును కాదు, జంతువు నడకను, మేతను, చురుకును. మేయుచు, మనుష్యుని చూచి దూకి పోవుచున్న ఇర్రి బ్రతుకగల ఇర్రియే.

అవిటితనము పిల్లలకు వచ్చునా?

రెండవ మాట వినుటకు శాస్త్రము వలె తోచును కాని శాస్త్రము కాదు. పుట్టిన తరువాత తగిలిన దెబ్బ సంతతికి సంక్రమింపదు. కాలు విరిగిన ఆవునకు కాలు విరిగిన దూడ పుట్టదు. చెవి కోసిన మేకకు చెవిలేని పిల్ల పుట్టదు. పోట్లాటలో కొమ్ము పోగొట్టుకొన్న ఇర్రి పిల్లలును నిండు కొమ్ములతోనే పెరుగును.

ఈ తర్కము మన గ్రామములలోనే కాదు, దుప్పుల వేట చట్టసమ్మతమైన అమెరికా వంటి దేశములలోను వినబడును. అక్కడ వయసు వచ్చిన మగదుప్పి కొమ్ము చెడియున్నచో దానిని చంపుట మేలా, విడుచుట మేలా యని వేటగాండ్రు తర్కించుకొందురు. అక్కడ తెలిసివచ్చిన విషయమేమనగా, కొమ్ము వికారమునకు కారణము పలుమారు దెబ్బయే. వెనుక కాలికి గాయమైన దుప్పికి, ఆ గాయము మానుచుండగా, ఎదుటి ప్రక్క కొమ్ము వంకరగా పెరుగుటయు కలదు. గాయము ఎక్కడనో, వికారము ఎక్కడనో! చూచినంత మాత్రమున "చెడ్డ జాతి" యని తీర్పు చెప్పుట ఎంత తొందరపాటో దీని వలన తెలియును.

పైగా ముదురు ఇర్రి మందకు బరువు కాదు. కృష్ణజింకలలో బలము గల మగది కొంత నేలను తనదిగా చేసికొని, తక్కిన మగవానిని తరిమి, అక్కడికి వచ్చిన లేళ్లతో జతకట్టును. ఆ హక్కు కొరకు కొమ్ములు పెనవేసి పోరాడును. కొమ్ము విరుగుట అట్టి పోరు ఫలము కావచ్చును. ఓడిన మగది కొంతకాలము ఒంటరిగానో, మగజింకల గుంపులోనో తిరుగును. ఒంటరిగా నున్నదని రోగిష్ఠి యనుకొనుట కూడ పొరపాటే.

పైరు తిన్నదానిని కొట్టవచ్చునా?

మూడవ మాటలో రైతు బాధ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. అప్పు తెచ్చి విత్తిన సెనగ ఒక్క ఉదయములో మొండిమొదళ్లుగా మిగిలినప్పుడు కలుగు దుఃఖము అనుభవించిన వానికే తెలియును. అయినను చట్టమేమి చెప్పుచున్నదో పంచాయతీ సభ్యుడు స్పష్టముగా ఎరిగి యుండవలెను.

ఒకప్పుడు మన దేశమున అనుమతి పత్రములతో వేట సాగెడిది. 1912 నాటి చట్టము కొన్ని ఋతువులలో మాత్రమే వేటను నిషేధించుటకు వీలు కల్పించినది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పద్ధతిని మార్చినది. కృష్ణజింక ఆ చట్టము యొక్క మొదటి షెడ్యూలులో, అనగా గరిష్ఠ రక్షణ గల జంతువుల పట్టికలో ఉన్నది. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడ. దానిని వేటాడిన వానికి మూడు సంవత్సరములకు తక్కువ కాకుండ ఏడు సంవత్సరముల వరకు కారాగారమును, 2022 నాటి సవరణ ప్రకారము 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపబడును. వేట యనగా తుపాకితో కొట్టుట మాత్రమే కాదు. ఉచ్చు పన్నుట, వల వేయుట, తరుముట, ఎర పెట్టుట, గాయపరచుట, వీనికి ప్రయత్నించుట కూడ వేటయే.

మొదటి షెడ్యూలు జంతువును చంపుటకు అనుమతి నీయగల అధికారి రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి. ఆ జంతువు మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనప్పుడు గాని, తిరిగి కోలుకొనలేనంతగా అవిటిదైనప్పుడు, రోగగ్రస్తమైనప్పుడు గాని, కారణములు వ్రాసి, వ్రాతమూలకముగా ఆయన ఉత్తరువు ఈయవచ్చును. అప్పుడైనను, దానిని పట్టుటకు గాని, మత్తు మందు ఇచ్చుటకు గాని, వేరొక చోటికి తరలించుటకు గాని వీలు కాదని ఆయనకు తోచవలెను. పైరు నష్టము ఈ జంతువు విషయమున చంపుటకు కారణముగా చట్టములో చెప్పబడలేదు. మీద పడిన జంతువు నుండి ప్రాణరక్షణకై సద్భావముతో కొట్టిన దెబ్బ మాత్రము నేరము కాదు. మన ఇర్రి చేలో మేయుచున్నదే కాని ఎవరి మీదను పడలేదు.

కావున తేలిన దేమనగా, కొమ్ము విరిగిన ఇర్రిని చంపుటకు తీర్మానము చేయు అధికారము గ్రామ పంచాయతీకి లేదు. అట్టి తీర్మానము పుస్తకములో వ్రాసినచో అది ఊరికి రక్ష కాదు, వ్రాసిన వారి మీద సాక్ష్యమే యగును. అదియు గాక, ఆ ఒక్క ఇర్రి పోయినంత మాత్రమున మంద చేనిలోనికి దిగుట మానదు. ఒకరు జైలు పాలగుదురు, పైరు నష్టము యథాప్రకారముగా నుండును.

మరి పంచాయతీ చేయవలసిన దేమి?

మొదట, చూచిన వారి చేత వివరము చెప్పించి వ్రాసికొనవలెను. ఎక్కడ, ఎప్పుడు, ఎట్టి స్థితిలో కనబడినది? మేయుచున్నదా, కుంటుచున్నదా, గాయమున పురుగు ఉన్నదా? జంతువు చురుకుగా నున్నచో దానిని దాని మానాన విడువవలెను. లేవలేక పడియున్నచో ఆ క్షణమే అటవీ శాఖ సిబ్బందికి కబురు పంపి, వారు వచ్చు వరకు కుక్కలను, పిల్లలను దూరముగా నుంచి, ఒకరిని కాపలా పెట్టవలెను.

రెండవది, దయతోనైనను దానిని తరిమి పట్టి, త్రాళ్లతో కట్టి, ఊరిలోనికి తేరాదు. తరుమబడి, పట్టుబడిన జింక భయము చేతను, అలసట చేతను కండరములు దెబ్బతిని, గంటలలోనో దినములలోనో మరణించుట కలదు. గాయము కంటె మన సహాయమే దానికి చేటగును.

మూడవది, జంతువు చచ్చి పడియున్నచో దాని కొమ్ము, తోలు, మాంసము దేనిని ముట్టరాదు. చచ్చిన వన్యప్రాణి చట్టరీత్యా ప్రభుత్వపు ఆస్తి. దాని భాగమేదైనను చేతికి వచ్చినచో 48 గంటలలోగా పోలీసు స్టేషనులో గాని, అటవీ అధికారికి గాని తెలుపవలెను. ఇంటి గోడకు కొమ్ము తగిలించుటయు నేరమే. తెలియని కారణమున చచ్చిన జంతువును కోసినచో దొమ్మ వంటి రోగములు మనుష్యులకు అంటు ప్రమాదమును కలదు.

నాల్గవది, రైతు నష్టమును గూర్చి పంచాయతీయే ముందు నిలువవలెను. వన్యప్రాణుల వలన పైరు పోయిన వారికి ప్రభుత్వము పరిహార మిచ్చు పద్ధతి కలదు. నష్టము జరిగిన నాడే చేను ఛాయాచిత్రము తీయించి, సర్వే నంబరు, పైరు పేరు, వయసు, పోయిన విస్తీర్ణము వ్రాసి, రేంజి కార్యాలయమునకు అర్జీ పంపవలెను. ఒక్కొక్క రైతు వేరువేరుగా తిరుగుట కంటె, పంచాయతీ కార్యదర్శి అన్ని అర్జీలను కూర్చి, ఒక ప్రతిని ఊరిలో నుంచుకొని పంపుట మేలు. ఏయే నెలలలో, ఏయే పొలములలో మంద దిగుచున్నదో రెండు మూడేండ్లు వ్రాసి యుంచినచో, అధికారులను అడుగుటకు అంతకంటె బలమైన ఆధారము వేరొకటి లేదు.

ఐదవది, కాపలా. లేత పైరు కాలములో చేలగట్టున వంతుల వారీగా మనుష్యులు తిరుగుట, ముళ్లకంప వేయుట, అలికిడి చేయుట మన పెద్దల పద్ధతులే. ఊరంతయు కలసి చేసినప్పుడే అవి ఫలించును. ఒక్కరు తరిమినచో మంద ప్రక్క చేనిలో దిగును. కంచెకు కరెంటు పెట్టుట మాత్రము ఎంతమాత్రమును తగదు. ఆ తీగెకు మొదట బలియగునది రాత్రి నీరు కట్టుటకు పోయిన మన మనిషియే కావచ్చును. పొలములలోని ఒరలేని దిగుడు బావులకు గోడ కట్టించుటయు, ఊరకుక్కలను అదుపులో నుంచుటయు మనుష్యులకును, జింకలకును మేలు.

జీవవైవిధ్య చట్టము 2002 ప్రకారము ప్రతి స్థానిక సంస్థలోను జీవవైవిధ్య యాజమాన్య సంఘ ముండవలెను. మీ గ్రామములో అది కాగితము మీదనే యున్నచో, ఈ పనులను దానికి అప్పగించుట మంచి ఆరంభము.

రోళ్లపాడు చెప్పు పాఠము

రోళ్లపాడు అభయారణ్యము 1988లో 614 హెక్టారుల గడ్డినేలలో ఏర్పడినది. ముఖ్యముగా అది బట్టమేక పిట్ట కొరకు ఏర్పడినది. రక్షణ దొరకుటతో కృష్ణజింకలు వృద్ధి పొందినవి. అభయారణ్యము చిన్నది, మంద పెద్దది యగుటచే జింక చేల మీద పడినది. బట్టమేక మాత్రము నిలువలేదు. చుట్టును గడ్డినేలలు తగ్గినవి, సాగు మారినది. ఒకప్పుడు ఆ పిట్టను చూచుటకు దూరదేశముల వారు వచ్చెడి చోట నేడు అది కానవచ్చుటయే అరుదు. దేశము మొత్తము మీద అవి చాల కొద్దిగానే మిగిలియున్నవని అంచనా.

ఒకే గడ్డినేలలో ఒక ప్రాణి హెచ్చి రైతునకు కష్టము తెచ్చినది, మరియొకటి తగ్గి మాయమగుచున్నది. హెచ్చిన దానిని మందగా ఎట్లు అదుపులో నుంచవలెనో అది ప్రభుత్వముతో కలసి ఆలోచింపదగిన ప్రశ్న. జింకలను తరలింపుమని కోరుట రైతుల హక్కు. అందుకు తీర్మానము చేసి పంపుట పంచాయతీ అధికారము. కాని ఆ పెద్ద ప్రశ్నకు సమాధానమును కొమ్ము విరిగిన ఒంటరి ఇర్రి మెడ మీద వ్రాయరాదు.

రచ్చకట్ట వద్ద ఎవరైన "ఆ ఒంటికొమ్ము దానిని ఏమి చేయుదము?" అని అడిగినచో సభ్యులు చెప్పవలసిన మాట ఇది: "అది మేయుచున్నంత కాలము మేయనిండు, పడినచో కబురు పంపుడు, మీ చేను పోయినచో అర్జీ వ్రాయుడు. ఆ అర్జీ వెంట మేము వచ్చెదము." చివరి వాక్యమును నిలుపుకొన్న పంచాయతీ యున్న ఊరిలో రైతు ఉచ్చు పన్నవలసిన అవసరము రాదు.