తెర్నేకల్ కోట: శిస్తు తెచ్చిన యుద్ధము

కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున, పత్తికొండకు పొరుగున, తెర్నేకల్ అను గ్రామము కలదు. 1801 డిసెంబరులో ఈ గ్రామపు కోట ఈస్టిండియా కంపెనీ సైన్యమును ఎదిరించి నిలిచినది. దాని సైనిక చరిత్ర కొద్ది వారములు మాత్రమే. అందులో రాజు లేడు, నవాబు లేడు. తలుపులు మూయించినవాడు గ్రామపెద్ద. మూయుటకు కారణము శిస్తు. కనుకనే పంచాయతీ సభ్యులు ఈ కథను తెలిసికొనవలసియున్నది.

విజయనగరము పతనమైన తరువాత ఈ సీమ ఎన్నో రాజ్యములకు పొలిమేరయై నలిగినది. బిజాపురము వారు, మొగలులు, మరాఠాలు, హైదరాలీ, టిప్పు సుల్తాను, నిజాము ఒకరి తరువాత ఒకరు వచ్చిరి. ఎవరు వచ్చినను ముందు చూచునది గ్రామములోని ధాన్యమునే. అందుచేత పెద్ద గ్రామములు చుట్టును గోడ కట్టుకొని, మూలలందు బురుజులు లేపుకొనినవి. దండు వచ్చుచున్నదని తెలియగానే పశువులతో సహా జనులు లోపలికి చేరి తలుపులు బిగించెడివారు. పాతరలలో జొన్నలు, లోపల బావిలో నీరు ఉన్నంతవరకు దోపిడి మూకలకు ఇట్టి కోటను పట్టుకొనుట సులభము కాదు. ఫిరంగుల మాట వేరు.

1792, 1799 సంవత్సరములలో మైసూరు యుద్ధముల వలన తనకు దక్కిన ప్రాంతములను నిజాము 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందముతో కంపెనీకి వదలుకొనెను. తన రక్షణకై ఉంచిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా ఇచ్చిన భూమి ఇది. దత్తమండలములను పేరు అట్లు వచ్చినది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఇచ్చట దాదాపు 80 మంది పాలెగాండ్రు ఎదురైరి. వారిని అణచుటకు జనరల్ కాంప్‌బెల్ సేనలు వెంట నడచినవి.

కాని పాలెగాండ్ర కంటె గ్రామమునకు దగ్గరి విషయము వేరొకటి. మొదటి యేడు మన్రో శిస్తును గ్రామపెద్దలతో మాట్లాడి, ఊరికి ఇంత అని మొత్తముగా నిర్ణయించెను. రైతులనుండి ఎవరి వాటా ఎంత రాబట్టవలెనో పెద్దల చేతిలోని పని. మరుసటి యేటినుండి ఒక్కొక్క రైతుతోనే లెక్క తేల్చు పద్ధతి ఆరంభమైనది. తరతరాలుగా సర్కారుకును రైతునకును నడుమ నిలిచిన గ్రామపెద్ద పలుకుబడి దీనితో తగ్గనారంభించెను. కొందరు రైతులకు ఇది మేలే. పెద్దలందరు న్యాయముగా పంచిరని చెప్పజాలము. ఈ మార్పు జరుగుచున్న దినములలోనే తెర్నేకల్ తలుపులు మూతపడినవి.

మొదట వచ్చిన దళము కోటపై పడి, నష్టపోయి వెనుదిరిగినది. రెండవ ప్రయత్నమును విఫలమైనది. తుపాకులు పట్టిన సిపాయిలు గోడక్రింద నిలిచినపుడు, బురుజుపైనున్నవానిదే పైచేయి. గోడను బద్దలుకొట్టగల ఫిరంగులతో కాంప్‌బెల్ వచ్చిన తరువాతనే, డిసెంబరు చివర కోట పడినది. ఎదిరించిన పెద్ద పేరు ముత్తుకూరు గౌడప్ప అనియు, ఆతనిని ఉరితీసిరనియు ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుకొందురు.

పత్తికొండ 1858 వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఆనాటి సంగతులను పాత కాగితములలో వెదకువారు కర్నూలు పుటలతోనే ఆగరాదు.

మన్రో ఈ సీమలో 1807 వరకు ఉండి, భూములను కొలిపించి పన్ను కట్టించెను. వెళ్ళునపుడు ఆ పన్ను అధికమనియు, నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు తానే వ్రాసెను. పైవారు అపుడు ఒప్పుకొనలేదు. 1820లో ఆయన మద్రాసు గవర్నరైన పిదపనే ఆ తగ్గింపు అమలునకు వచ్చినది. అనగా, తెర్నేకల్ గోడ కూలిన 19 యేండ్లకు!

పదవి విడుచుటకు ముందు ఈ జిల్లాలను మరియొకసారి చూడవలెనని వచ్చిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించెను. గుత్తిలో ఖననముచేసి, 1831లో అవశేషములను మద్రాసునకు తరలించిరి. ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో రాతికట్టడపు బావిని నిర్మించి, తోపు వేయించిరి.