అక్కడ చందాలు చాలని జాతర... ఇక్కడి మాండలిన్‌కు బాట

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పదేళ్ళు నిండని పాలకొల్లు పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. చేతిలో వీణా కాదు, వయొలినూ కాదు, మాండలిన్! దానిపై గమకాలు పలుకుతాయా అని పెదవి విరిచినవారూ ఉన్నారు. అతడే ఉప్పలపు శ్రీనివాస్. తరువాత ఆ మాండలిన్ సీమకు వెళ్ళింది. ఆ బాట వేసిన ఉత్సవం కథ వినదగ్గది.

1982 జూలై 16 శుక్రవారం ఇంగ్లండులోని షెప్టన్ మాలెట్ దగ్గర, వ్యవసాయ ప్రదర్శనలు జరిగే మైదానంలో 'వోమాడ్' మొదలైంది. ఆదివారంతో ముగిసింది. గిటార్లు, డ్రమ్ముల హోరుతో సాగే రాక్ సంగీతాన్ని దేశదేశాల వాద్యాల పక్కన నిలబెట్టాలని గాయకుడు పీటర్ గేబ్రియల్ తపన. ఇంగ్లీషు రాక్ బృందంతో కలిసి ఆఫ్రికాలోని బురుండి డోలు వాద్యకారులు వాయించారు.

సంగీతం బాగుంది, డబ్బే రాలేదు! తిరనాళ్ళలో నాటకం పెట్టి చేతిచమురు వదిలించుకున్న మన కమిటీ పెద్దలకు ఆ బాధ చెప్పనక్కరలేదు. అప్పులవాళ్ళు మీద పడ్డారు. గేబ్రియల్ తన పాత బృందం జెనెసిస్‌తో అక్టోబరు 2న మళ్ళీ కలిసి, జోరువానలో పాడి ఆ అప్పు తీర్చాడు.

ఉత్సవం బతికింది. 1989లో ఆయన 'రియల్ వరల్డ్' రికార్డుల కంపెనీ పెట్టాడు. 1995లో ఆ కంపెనీయే 'డ్రీమ్' ఆల్బమ్ తెచ్చింది. అందులో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ సరసన వినిపించేది మన శ్రీనివాస్ మాండలిన్.

2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. గుడివాడలో ఆనాడు ముందు వరుసలో కూర్చున్నవారికి ఈ సంగతి తెలుసునో, లేదో!