బందే నవాజ్ దక్కన్ మనిషి ఎలా అయ్యారు

గుల్బర్గా దర్గాకు మొక్కుకునే కుటుంబాలకు తెలంగాణలో కొదవ లేదు. పిల్లలు పుడితేనో, జబ్బు నయమైతేనో, కోర్టు వ్యవహారం తేలితేనో వెళ్లి చాదర్ కప్పి వస్తారు. వెళ్లేవారిలో ముస్లింలూ ఉంటారు, హిందువులూ ఉంటారు. 1956 దాకా ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి ఈ రాకపోకలు మనవారికి కొత్త కాదు. ఇప్పుడు ఊరి పేరు కలబురగి అయింది, రాష్ట్రం కర్ణాటక అయింది, దారి మాత్రం మారలేదు. అక్కడ సమాధిలో ఉన్న సయ్యద్ ముహమ్మద్ హుసేనీ, అంటే జనం నోట ఖాజా బందే నవాజ్ గేసుదరాజ్ గురించి సాధారణంగా వినిపించే కథ ఒకటుంది. ఆయన ప్రేమను బోధించారు, మతాల మధ్య గోడలు చెరిపేశారు, అందుకే అందరివాడయ్యారు అంటారు. ఈ కథ ఆయనకు సగమే న్యాయం చేస్తుంది. ఆయన ఖురాన్‌కు వ్యాఖ్య రాసిన పండితుడు, షరియత్ విషయంలో పట్టుదల గల మనిషి. పైగా దక్కన్‌లో పుట్టినవారు కారు. డెబ్బై ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి బయల్దేరి, జీవితంలో చివరి ఇరవై ఏళ్లకు పైచిలుకు మాత్రమే గుల్బర్గాలో గడిపారు. అటువంటి వ్యక్తి ఈ నేలకు ఇంత దగ్గర ఎలా అయ్యారన్నది నిజంగా అడగవలసిన ప్రశ్న. దానికి జవాబు ఆయన వలసలోనే ఉందని నా నమ్మకం.

ఆయన 1321లో ఢిల్లీలో పుట్టారు. ఏడేళ్ల వయసులోనే మొదటి వలస. ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చదలచి ఊళ్లోని పెద్దలను, పండితులను, సూఫీ గురువులను అక్కడికి తరలించినప్పుడు వారి కుటుంబమూ కదిలింది. తండ్రి సయ్యద్ యూసుఫ్ హుసేనీని రాజూ ఖత్తాల్ అని పిలిచేవారు. ఆయన 1331లో అక్కడే కన్నుమూశారు. దౌలతాబాద్ పక్కనున్న ఖుల్దాబాద్‌లో ఆయన సమాధిని నేటికీ చూడవచ్చు. తండ్రి పోయిన కొన్నేళ్లకు తల్లి పిల్లలను తీసుకుని ఢిల్లీకి తిరిగి వచ్చింది. అప్పటికి ముహమ్మద్‌కు పదిహేనేళ్లు. అంటే గుల్బర్గాకు రావడానికి ఇంచుమించు డెబ్బై ఏళ్ల ముందే ఆయనకు దక్కన్‌లో తండ్రి సమాధి ఉంది. సుల్తాను ఆజ్ఞతో బలవంతాన జరిగిన వలస అది. అలా వచ్చిన కుటుంబాలు ఏమేం పోగొట్టుకున్నాయో చరిత్రకారులు రాశారు. అవి ఇక్కడ ఏం నాటి వెళ్లాయన్నది కూడా చూడాలి.

ఢిల్లీలో ఆయన గురువు షేక్ నసీరుద్దీన్ మహమూద్. నిజాముద్దీన్ ఔలియా వారసుడైన ఈయనను చిరాగ్-ఎ-ఢిల్లీ అనేవారు. గురువు పల్లకీని మోస్తుండగా ముహమ్మద్ పొడవాటి జుట్టు పల్లకీ కాలికి చిక్కుకుందట. విడిపించుకుంటే పల్లకీ ఆగుతుంది, గురువుకు ఇబ్బంది. ఆ నొప్పిని ఓర్చుకుంటూ చాలా దూరం అలాగే మోశారట. గేసుదరాజ్, అంటే పొడవాటి జుట్టు గలవాడు, అనే పేరుకు చెప్పే కథ ఇదే. 1356లో గురువు అస్తమించినప్పటి సంగతి ఇంతకంటే ముఖ్యం. వీరి చిష్తీ సూఫీ సంప్రదాయంలో గురువు తన తర్వాతి వారికి ఖిర్ఖా అనే అంగీ, చేతికర్ర, జపమాల, కర్రగిన్నె, పాదుకలు అప్పగించేవారు. వాటిని అందుకున్నవారే గాదీకి వారసులు. నసీరుద్దీన్ ఎవరికీ ఇవ్వలేదు. తనతోపాటే పూడ్చిపెట్టమన్నారు. దాంతో ఢిల్లీలో ఆ పరంపరకు అందరూ ఒప్పుకునే వారసుడు లేకుండా పోయారు. గురువు దేహానికి స్నానం చేయించిన మంచం తాళ్లను విప్పి గేసుదరాజ్ తన మెడలో వేసుకుని, నా ఖిర్ఖా ఇదే అన్నారని ఆయన అనుయాయులు చెబుతారు. జరిగిందో లేదో ఇప్పుడు రుజువు చేయలేం గానీ, ఈ కథను వాళ్లెందుకు భద్రంగా దాచుకున్నారో తెలుస్తూనే ఉంది. చూపించడానికి గురువు వస్తువు ఒక్కటీ లేని శిష్యుడు ఆయన. ఆయన పెద్దరికం ఆయన దేహంలో, మాటలో, నడవడిలో మాత్రమే ఉండాలి. ఎక్కడికైనా మోసుకుపోగల పెద్దరికం అది.

రాతను కూడా ఈ దృష్టితోనే చూడాలనిపిస్తుంది. తానుగాని, తనకు ముందున్న చిష్తీ పెద్దలుగాని పుస్తకాలు రాయలేదని నిజాముద్దీన్ ఔలియా అనేవారట. గురువు మాట్లాడితే శిష్యులు రాసుకునేవారు, అంతే. ఆ ఆనవాయితీని పెద్దఎత్తున దాటినవారు గేసుదరాజ్. ఖురాన్‌కు వ్యాఖ్య రాశారు. హదీసుల సంకలనం మషారిఖుల్ అన్వార్‌కు, సూఫీ మార్గానికి పాఠ్యగ్రంథం లాంటి అవారిఫుల్ మఆరిఫ్‌కు వ్యాఖ్యలు రాశారు. అస్మారుల్ అస్రార్ అనే స్వతంత్ర గ్రంథమూ ఉంది, పారసీ కవితలూ ఉన్నాయి. ఆ రోజుల్లో సూఫీలను ఎంతగానో ఆకట్టుకున్న ఇబ్న్ అరబీ సిద్ధాంతాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. ఉన్నదంతా ఒక్కటే అనే ఆ మాటకు పోతే దేవుడికీ సృష్టికీ భేదం చెరిగిపోతుందని ఆయన అభ్యంతరం. ఈ విషయంలో అష్రఫ్ జహంగీర్ సిమ్నానీ వంటి సమకాలికుడు ఆయనతో విభేదించారు. గేసుదరాజ్ వలసకూ ఈ రాతకూ సంబంధం ఏమిటి, ఢిల్లీలో ఉండగానే రాయలేదా అని ఎవరైనా అడగవచ్చు. రాత ఢిల్లీలోనే మొదలై ఉండవచ్చు. కానీ ఒకసారి ఊరు కదిలిపోవడం కళ్లారా చూసినవారాయన, గురువు గాదీ వారసత్వం ఆగిపోవడమూ చూశారు. సమాధి, దాని చుట్టూ ఊరు, ఊరి జ్ఞాపకం ఉన్నచోట బోధ నోటిమాటగా నిలబడుతుంది. అవేవీ వెంట రానప్పుడు గ్రంథమే ఆధారం.

1398 డిసెంబరులో తైమూర్ సేనలు ఢిల్లీని ముంచెత్తాయి. అదే నెలలో గేసుదరాజ్ కుటుంబంతో, శిష్యులతో నగరం విడిచారు. గ్వాలియర్, చందేరీ, బరోడా, ఖంభాత్ మీదుగా సాగిన ప్రయాణం అది. ఆగిన ప్రతిచోటా జనం వచ్చి శిష్యులుగా చేరారు. వెంట ఉన్న ముహమ్మద్ అలీ సామానీ ఆ తర్వాత సియరె ముహమ్మదీ అనే జీవిత చరిత్ర రాశారు. పెద్ద కొడుకు సయ్యద్ అక్బర్ హుసేనీ 1400 ప్రాంతంలో తండ్రి మాటలను ఎప్పటికప్పుడు జవామివుల్ కలిమ్ పేరుతో గ్రంథస్థం చేశారు. అన్నీ పోగొట్టుకుని నడుస్తున్న బృందం ముందుగా కాపాడుకున్నది గురువు మాటలను. దౌలతాబాద్‌లో తండ్రి సమాధిని దర్శించాక, బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఆహ్వానం మీద గుల్బర్గా చేరారు.

ఇక్కడే అసలైన అభ్యంతరం ఎదురవుతుంది. రాజు పిలిచాడు, రాజు భూములిచ్చాడు, రాజు గుమ్మటం కట్టించాడు, ఇందులో వలస గొప్పదనం ఏముంది? రాజాశ్రయం లేకపోతే ఏ దర్గా అయినా నిలిచేదా? ఇది తేలికగా తీసేయదగ్గ మాట కాదు. అయితే జరిగిన వరస చూడాలి. ఫిరోజ్ షా తత్త్వశాస్త్రం, ఖగోళం మీద మక్కువ గల విద్వాంసుడు. దౌలతాబాద్ దగ్గర నక్షత్రశాల కట్టించడం మొదలుపెట్టినవాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత బీజాపూర్‌లో చరిత్ర రాసిన ఫెరిష్తా ప్రకారం, ఇలాంటి శాస్త్రాల్లో గురువుకు తగినంత పాండిత్యం లేదని సుల్తానుకు అనిపించింది. తమ్ముడు అహ్మద్ ఖాన్ మాత్రం గురువు దగ్గరికి విడవకుండా వచ్చేవాడు. తన కొడుకు హసన్ ఖాన్‌ను ఆశీర్వదించమని ఫిరోజ్ కబురు పంపితే, సింహాసనం అహ్మద్‌కు రాసిపెట్టి ఉందని గేసుదరాజ్ చెప్పి పంపారట. మీ దగ్గరికొచ్చే జనం గోల కోటకు మరీ దగ్గరైంది, దూరంగా వెళ్లండని సుల్తాను ఆజ్ఞ వచ్చింది. ఆయన వెళ్లిపోయారు. వెళ్లి స్థిరపడిన చోటే ఇప్పుడు దర్గా ఉంది. ఎనభై దాటాక ఇంకోసారి ఇల్లు మారిన ఆ మనిషి వెంట జనం కూడా మారారన్నదే ఇందులో గమనించవలసిన విషయం. ఆ తర్వాత పానుగల్లు దగ్గర, అంటే నేటి వనపర్తి జిల్లాలో, విజయనగర సేనల చేతిలో ఫిరోజ్ ఘోరంగా ఓడాడు. 1422లో అహ్మద్ షా గద్దెనెక్కాడు. అదే సంవత్సరం నవంబరు 1న గేసుదరాజ్ కన్నుమూశారు. అహ్మద్ షా ఆయన సమాధిపై పెద్ద గుమ్మటం కట్టించాడు, నిజమే. కానీ ఆ అహ్మద్ షాయే కొన్నేళ్లకు రాజధానిని బీదర్‌కు మార్చాడు, ఇరాన్‌లోని కిర్మాన్ నుంచి షా నియామతుల్లా వలీ వంశీకులను పిలిపించుకుని వారికి పెద్దపీట వేశాడు. దర్గా బతుకు కేవలం రాజు దయ మీదే ఆధారపడి ఉంటే అప్పుడే సన్నగిల్లవలసింది. అలా జరగలేదు. సుల్తానులు వెళ్లిపోయినా, బహమనీ రాజ్యమే ముక్కలైనా, బీజాపూర్, మొగలు, ఆసఫ్‌జాహీ పాలనలు వచ్చి పోయినా గుల్బర్గాకు జనం వస్తూనే ఉన్నారు.

రెండో అభ్యంతరం ఇంకా సున్నితమైనది. ఆయన పరమతస్తులను తమ మతంలోకి తేవాలనుకున్న బోధకుడు కదా, ఆయనను సామరస్యానికి ప్రతీక అనడం అబద్ధం కాదా అంటారు. జవామివుల్ కలిమ్‌లో ఆయనే దీన్ని దాచకుండా చెప్పుకున్నారు. తాను సంస్కృత గ్రంథాలు, పురాణాలు చదివానని, బ్రాహ్మణ పండితులతో వాదాలు చేశానని, ఓడినవారు గెలిచినవారి మతంలోకి రావాలని పందెం వేసుకున్నామని అన్నారు. గెలిచినా వాళ్లు మారలేదని, కుటుంబాన్ని, పెద్దలు నడిచిన దారిని కారణంగా చెప్పారని వాపోయారు. ఇది ఆయన పక్షం నుంచి వచ్చిన కథనం. అవతలివారు ఏం చెప్పుకున్నారో మన ముందు లేదు. అయినా ఒక సంగతి స్పష్టం. మతాలన్నీ ఒకటేననే ఉద్దేశం ఆయనకు లేదు. ఉందని చెప్పి మనం ఆయనను పొగడనక్కర్లేదు. అదే మనిషి సమా అనే సూఫీ సంగీత గోష్ఠుల్లో హిందవీ పాటల మెత్తదనాన్ని, మనసును కరిగించే గుణాన్ని మెచ్చుకున్నారు. ఎదుటివారిని ఓడించడానికైనా వారి గ్రంథం చదివిన పండితుడు ఆయన. గట్టి విశ్వాసం ఉన్న మనిషిని అవతలి విశ్వాసం గల జనం గౌరవించడం మన పల్లెలకు తెలియని సంగతి కాదు. పీర్లకు మొక్కి కందూరు చేసే రైతు, పీరు తన మతం ఒప్పుకున్నాడా అని ఎన్నడూ అడగలేదు.

ఆయన పేరు మీద దక్కనీ భాషలో నిలిచిన సాహిత్యం కూడా ఈ మాటే చెబుతుంది. మేరాజుల్ ఆషిఖీన్ అనే చిన్న పుస్తకాన్ని ఆయన రచనగా, దక్కనీ తొలి గద్యంగా మౌల్వీ అబ్దుల్ హఖ్ ప్రచురించారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో అలాగే చదువుకున్నారు. అది ఆయనది కాదని, తర్వాతి కాలానికి చెందిన బీజాపూర్ సూఫీ ఒకరు రాసినదని ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు హఫీజ్ ఖతీల్ వాదించారు. ఆయన వాదన బలమైనది. తిరగలి దగ్గర ఆడవాళ్లు పాడుకునే చక్కీనామాల్లో కొన్ని కూడా బందే నవాజ్ పేరు మీద ఉన్నాయి. వాటిని కూడా పండితులు అనుమానంగానే చూస్తారు. తిరగలి పిడిని దేవుడి పేరుగా, ఇరుసును ప్రవక్తగా పాడుతూ పిండి విసిరిన ఆ ఆడవాళ్లలో ఎందరు అరబ్బీ, పారసీ చదివి ఉంటారు? ఖురాన్ వ్యాఖ్యలు వారి చేతికి చేరలేదు. చేరింది ఆయన పేరు. ఆయన రాశారో లేదో తెలియని పాటలను ఆయనవిగా పాడుకున్న ఆ నోళ్లే ఢిల్లీ పండితుణ్ణి దక్కన్ మనిషిని చేశాయి. ఆయన గ్రంథాల్లో చాలావాటికి ఇప్పటికీ తెలుగు అనువాదం లేదు. గుల్బర్గాకు ఇంతమంది వెళ్లే మన ప్రాంతంలో ఆ పని ఎవరో ఒకరు పూనుకుని చేయవలసి ఉంది.