ఇంటికి విలువ కట్టేదెలా?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టడం ఒక ఎత్తయితే, కట్టిన ఇల్లు ఎంత చేస్తుందో తెలుసుకోవడం మరో ఎత్తు. ఉల్లిపాయల దగ్గర రెండు రూపాయలు తేడా వస్తే బండివాడితో పావుగంట వాదిస్తాం. లక్షలు చేసే ఇంటి సంగతి వచ్చేసరికి మాత్రం, "అవన్నీ మగవాళ్లు చూసుకుంటారు లెండి" అని వంటింట్లోకి వెళ్లిపోతాం. అలా వెళ్లిపోబోయి, గుమ్మం దగ్గర ఆగిన ఒక ఇల్లాలి సంగతి ముందుగా చెబుతాను.

ఆమె పుట్టిల్లు ఇల్లందు. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి, దాచుకున్న డబ్బుతో ఊళ్లో 150 గజాల స్థలం కొని, వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇల్లు వేశాడు. ముప్పై ఏళ్లు గడిచాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. వీలునామా ఏదీ లేదు. ఇద్దరన్నలూ ఆమెను పిలిచి, "గవర్నమెంటు లెక్కలో మన ఇల్లు 6 లక్షలు. ముగ్గురం గనుక నీ వాటా 2 లక్షలు. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టు చెల్లీ" అన్నారు. ఆమె కలం చేతిలోకి తీసుకుంది కూడా. అంతలో వదినగారు మాటల్లో మాటగా, "బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసి 18 లక్షలకు దగ్గరగా రాశాడు, లోను వస్తుందిలే" అంది. మన ఇల్లాలు కలం కింద పెట్టి ఒక్క ప్రశ్న అడిగింది: "అన్నయ్యా, ఒకే ఇంటికి రెండు విలువలు ఎట్లా ఉంటాయి?"

చాలా మంచి ప్రశ్న. ఈరోజు మన ప్రసంగమంతా దానికి జవాబే.

ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు?

ఇంటికి నిజంగానే ఒకటికంటే ఎక్కువ విలువలు ఉంటాయి. ఒక్కొక్క విలువా ఒక్కొక్క పనికోసం పుట్టింది. ఒక పనికోసం కట్టిన విలువను ఇంకో పనికి వాడితేనే చిక్కు వస్తుంది.

మొదటిది ప్రభుత్వ విలువ. సబ్ రిజిస్ట్రారు కచేరీలో ప్రాంతాలవారీగా గజం ఇంత, స్లాబు కట్టడమైతే అడుగు ఇంత, రేకులైతే ఇంత అని ఒక పట్టిక ఉంటుంది. రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో మనమే చూసుకోవచ్చు కూడా. ఈ పట్టిక స్టాంపు డ్యూటీ వసూలు కోసం పెట్టినది. దస్తావేజులో మీరు ఎంత తక్కువ రాసుకున్నా, కనీసం ఈ విలువమీద డ్యూటీ కట్టాలన్నమాట. ఇది బజారు ధరతోపాటు పెరుగుతుందన్న నమ్మకం ఏమీ లేదు. తెలంగాణలో 2013 తరువాత మళ్లీ 2021 జూలై వచ్చేదాకా ఈ విలువలను సవరించనే లేదు. ఎనిమిదేళ్లపాటు బజారు నడిచింది, పట్టిక నిలబడిపోయింది.

ఈ పట్టికను నమ్ముకుని నష్టపరిహారం తేల్చవచ్చా అన్న ప్రశ్న మన ఆదిలాబాదు జిల్లా నుంచే సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. భూమి పోగొట్టుకున్న జావాజి నాగనాథం అనే ఆయన కేసులో 1994లో తీర్పు వచ్చింది. రిజిస్ట్రేషను కోసం తయారుచేసిన విలువల పుస్తకం భూమికి అసలు బజారు విలువ తేల్చడానికి ఆధారం కాదని ఆ తీర్పు సారాంశం. మరి అన్నదమ్ముల పంపకాల్లో మాత్రం ఆ పుస్తకమే వేదవాక్కు ఎందుకవ్వాలి?

రెండోది బజారు విలువ. కొనేవాడికి బలవంతం లేకుండా, అమ్మేవాడికి తొందర లేకుండా, ఇద్దరూ అన్నీ తెలుసుకుని కుదుర్చుకునే ధర ఇది. మూడోది, తొందరగా అమ్మేస్తే వచ్చే ధర. అప్పు తీర్చకపోతే ఇల్లు వేలం వేయాల్సి వస్తుందేమోనని బ్యాంకువారు దీన్ని కూడా విడిగా రాయించుకుంటారు. ఇది బజారు విలువకంటే తక్కువే ఉంటుంది.

ఇంజనీరు లెక్క ఎలా వేస్తాడు?

విలువ కట్టే ఇంజనీరును వ్యాల్యూయరు అంటారు. ఆయన ముఖ్యంగా మూడు దారుల్లో లెక్క వేస్తాడు.

ఒకటి, పోలిక. అదే వీధిలో, అలాంటి స్థలం ఈమధ్య ఎంతకు పోయిందో చూడడం. రోడ్డు వెడల్పు, మూల స్థలమా కాదా, మంచినీళ్లు వస్తాయా, వాననీరు నిలుస్తుందా అన్నవి బట్టి కొంచెం కలిపి, కొంచెం తీసి ధర తేలుస్తాడు. మన వైపు తూర్పు వాకిలికి, ఉత్తరం వాకిలికి ఎక్కువ ఇస్తారు. వాస్తును మీరు నమ్మినా నమ్మకపోయినా, కొనేవాళ్లు నమ్మినంతకాలం అది ధరలో కనిపిస్తుంది.

రెండోది, నేలకూ గోడలకూ విడివిడిగా లెక్క. మన ఇల్లాలి ఇంటికే వేసి చూద్దాం. గజం 6,000 చొప్పున 150 గజాలకు 9 లక్షలు. అలాంటి ఇల్లు ఇవాళ కొత్తగా కడితే అడుగుకు 1,600 అవుతుందనుకుంటే, వెయ్యి అడుగులకు 16 లక్షలు. కానీ ఇల్లు కొత్తది కాదు కదా! స్లాబు ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు అనుకుందాం. ఆఖరున ఇనుము, తలుపులు వగైరాకు పదోవంతు మిగులుతుందనుకుంటే, తరుగు వేయాల్సింది మిగతా తొంభై శాతానికే. ముప్పై ఏళ్లకు అందులో సగం, అంటే నూటికి 45 పోతుంది. 16 లక్షల్లో 7 లక్షల 20 వేలు తీసేస్తే కట్టడం విలువ 8 లక్షల 80 వేలు. నేలతో కలిపి 17 లక్షల 80 వేలు. ఊరినిబట్టి, వీధినిబట్టి ఈ ధరలు మారతాయి గాని, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఇందులో ఒక పాఠం ఉంది. గోడలు ఏటేటా తరుగుతాయి, నేల తరగదు. అందుకే పాత ఇంటికి పాలరాయి పరిపించి, నగిషీ గేటు పెట్టించినంతమాత్రాన పెట్టిన డబ్బంతా విలువలో తిరిగి రాదు. కారే స్లాబు బాగుచేయించడం, మురుగు పోయే దారి సరిచేయించడం, నీటి వసతి చూడడం ముందు పనులు. వ్యాల్యూయరు మొదట తలెత్తి చూసేది కప్పునే.

మూడోది, అద్దె లెక్క. నెలకు 5,000 చొప్పున ఏడాదికి 60,000 అద్దె వస్తుందనుకోండి. పన్నులు, మరమ్మతులు 10,000 తీసేస్తే మిగిలేది 50,000. పెట్టిన డబ్బుకు నూటికి 5 రావాలనుకునేవాడు ఆ ఇంటికి 10 లక్షలే ఇస్తాడు. చూశారా, అదే ఇల్లు! ఇల్లందులాంటి ఊళ్లో ఈ లెక్క తక్కువ పలకడానికి కారణం ఉంది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాక, గని పనివాళ్లకు అద్దెకిచ్చి బతకవచ్చనే ధీమా మునుపటిలా లేదు. ఊరి బతుకుతెరువు మారితే ఇటుక కదలకుండానే ఇంటి విలువ కదులుతుందన్నమాట.

గోడలకంటే ముందు కాగితం

ఇంతవరకూ చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. మన ఇల్లందుకు ప్రత్యేకమైన సంగతి మరొకటుంది.

1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి పుట్టిల్లు ఇదే. ఊరిని బొగ్గుట్ట అనడమూ అందుకే. గనులతో ఊరు పెరిగింది, చుట్టూ అడవీ, కోయ గూడేలూ ఉన్నాయి. 1950లో షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించినప్పుడు ఇల్లందు తాలూకాను అందులో చేర్చి, ఇల్లందు, సింగరేణి, సిర్పూరు గ్రామాలనూ, కొత్తగూడెం పట్టణాన్నీ మాత్రం మినహాయించారు. మినహాయించిన నేలమీద ఇల్లు ఎవరైనా కొనవచ్చు, అమ్మవచ్చు. హద్దు దాటితే భూ బదలాయింపు నిబంధనలు వర్తిస్తాయి. 1959 నాటి ఈ నిబంధనలను 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో గట్టిపరిచారు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడడం దీని ఉద్దేశం. అక్కడ గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. సుప్రీం కోర్టు 1988లో దీన్ని సమర్థించింది.

కాబట్టి ఒకే మేస్త్రి, ఒకే ఇటుకతో కట్టిన రెండు ఇళ్లలో ఒకటి హద్దుకు ఇటు, ఒకటి అటు ఉంటే వాటి విలువ ఒకటి కాదు. "చవగ్గా వస్తోంది, స్టాంపు కాగితం మీద రాయించుకుందాం" అని మీ శ్రీవారు ఉత్సాహపడితే, దయచేసి ఆపండి. ఆ కాగితం చట్టం ముందు నిలవదు, దానిమీద బ్యాంకు అప్పూ పుట్టదు. మునిసిపాలిటీ హద్దూ షెడ్యూల్డు హద్దూ ఒకటేననుకోవద్దు. సర్వే నంబరు పట్టుకుని విచారించాలి. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు ఇంట్లో ఉంటున్నామని చెబుతాయి గాని, ఇల్లు మనదని చెప్పవు.

సింగరేణి స్థలాల్లో ఇళ్లు వేసుకున్నవారి సంగతీ ఇంతే. సంస్థ ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లో ఉంటున్నవారికి హక్కు కల్పించడానికి 2019లో 76వ నంబరు జీవో వచ్చింది. చేతిలో పట్టా ఉన్న ఇంటికీ లేని ఇంటికీ గోడల్లో తేడా లేదు, విలువలో మాత్రం బోలెడు తేడా.

తక్కువ రాస్తే ఏమవుతుంది?

స్టాంపు ఖర్చు మిగులుతుందని చాలామంది దస్తావేజులో ధర తగ్గించి రాసుకుంటారు. 2021 జూలైలో ఈ ఖర్చు మొత్తం 6 నుంచి 7.5 శాతానికి పెరిగింది గనుక ఆశ సహజమే. ఆ ఆశ ఎక్కడ దెబ్బ తీస్తుందో చూడండి. గనికో రోడ్డుకో ఇల్లు పోతే, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వ విలువా, చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల సగటూ పోల్చి ఎక్కువదాన్ని తీసుకుంటారు. ఆ సగటుకు అంతకుముందు మూడేళ్ల దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కట్టడానికి విలువ విడిగా కట్టి, మొత్తానికి సమానంగా మరో నూరు శాతం కలుపుతారు. బొగ్గు కోసం వేరే చట్టం కింద తీసుకున్నా, 2015 నుంచి పరిహారం లెక్క ఇదే. వీధి అంతా కూడబలుక్కుని తక్కువ రాసుకుంటే, రేపు పరిహారం తగ్గేది ఆ వీధికే.

మరి అమ్మకాలే జరగని ఏజెన్సీ గ్రామాల సంగతి? అమ్మకాలమీద నిషేధం ఉన్నచోట పక్క ప్రాంతాల ధరనుబట్టి ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలని ఆ చట్టమే చెబుతోంది. గూడెంలోని కోయ సోదరి, "మీ దగ్గర అమ్మకం లేదు కాబట్టి ధర లేదు" అంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఇక మన ఇల్లాలి దగ్గరికి వద్దాం. హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల్లో, తండ్రి స్వార్జితమైన ఇంట్లో వీలునామా లేనప్పుడు కూతురికి 1956 నుంచే సమాన వాటా ఉంది. అయితే కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి అడ్డుగా ఉన్న నిబంధన పోయింది మాత్రం 2005లో. హక్కు వచ్చిందిగాని, ఎంతకు హక్కో తెలియకపోతే ఆ హక్కు సంతకంతోనే కరిగిపోతుంది.

ఆమె అన్నలతో పోట్లాడలేదు. "బ్యాంకుకు ఏ విలువ చెప్పారో నాకూ అదే చెప్పండి. లేదా ముగ్గురం ఖర్చు పెట్టుకుని వేరే ఇంజనీరును పిలుద్దాం" అంది. పిలిచారు. 17 లక్షల 80 వేలు తేలింది. మూడోవంతు 5 లక్షల 93 వేల చిల్లర. పెద్దన్న కాసేపు నేలచూపులు చూసి, చివరికి 5 లక్షల 90 వేలకు ఒప్పుకున్నాడు. అదీ రెండు విడతల్లో. మొదటి విడత అందాక, మిగతా సొమ్ము ఎప్పుడిస్తారో పత్రంలోనే రాయించుకుని ఆమె సంతకం పెట్టింది. రాఖీ పున్నమికి ఆమె ఇప్పటికీ ఆ ఇంటికే వెళుతోంది.

కనుక సోదరీమణులారా, ఈ వారం తీరిక చేసుకుని బీరువాలోంచి ఇంటి దస్తావేజు బయటికి తీయండి. ఎవరి పేర ఉందో, ఎన్ని గజాలో, ఏ సర్వే నంబరో ఒక పుస్తకంలో రాసుకోండి. ప్రభుత్వ విలువ చూడండి. పక్కింటి స్థలం ఎంతకు పోయిందో వాకబు చేయండి. ఎవరైనా ఒక అంకె చెప్పి సంతకం అడిగితే, "ఇది ఏ విలువ? ఎవరు కట్టారు? దేనికోసం కట్టారు?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా కలం మూత తీయకండి.